పదకొండో చుక్క

నా కూతురు గీసిన మొదటి పటంలో ఊరు లేదు, ఏరు లేదు, కొండ లేదు. తెల్లటి తెర మీద వంకరటింకరగా ఒక నీలం గీత ఉంది. ఆ గీత నేను.

ఏడో తరగతిలో మాస్టారు నన్ను గోడపటం ముందు నిలబెట్టి నదిని చూపించమంటే రైలు పట్టాల మీద వేలు పెట్టాను. ఆ వేలు మీదే బెత్తంతో ఒకటిచ్చాడు. మర్నాటి నుంచి బడి మొహం చూడలేదు. పటాలతో నాకున్న రుణం అక్కడితో తీరిందనుకున్నాను. ముప్పై ఏడేళ్ళ తర్వాత, ఆ వానాకాలం, అవి నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాయి. అదీ నా చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల చేతుల మీదుగా.

అప్పట్లో నేను బట్టలకి రంగులద్దే మిల్లులో ట్యాంకరు నడిపేవాణ్ణి. అద్దకం అయ్యాక మిగిలే నీళ్ళు నింపుకుని, నలభై కిలోమీటర్ల అవతలున్న శుద్ధి ప్లాంటులో వదిలి, 'వదిలాను' అని చీటీ రాసి సంతకం పెట్టాలి. అది కాగితం మీది మాట. ప్లాంటు గేటు దగ్గర బళ్ళ వరసలో నిలబడితే పొద్దు అక్కడే గూకుతుంది. మిల్లు మాత్రం ఆగదు, తొట్లు పొంగుతూనే ఉంటాయి. మా సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు గొడుగు. తాను తడవడు, అంచుల నుంచి కారేదంతా పక్కవాడి నెత్తినే.

"వానాకాలం అంటే ఏంటి డ్రైవరూ?" అన్నాడు గొడుగు, తొలి వాన పడిన రోజు. "దేవుడు పైనుంచి పైపు తిప్పడం. ఆయన పైన తిప్పుతున్నప్పుడు నువ్వు కింద తిప్పితే ఎవడు కనిపెడతాడు?"

అది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. అప్పటికే మూడేళ్ళుగా తిప్పుతున్నాను. ఎండల్లో అప్పుడప్పుడూ, వానల్లో రోజూ. ఊరి చుట్టూ పదకొండు చోట్లు నాకు కంఠతా వచ్చు. కల్వర్టు కింద ఒకటి, మూతపడిన ఇటుక బట్టీ వెనక ఒకటి, పాత రాళ్ళ క్వారీ గుంటలు మూడు, అలా. పైపు దించి వాల్వు తిప్పితే ఇరవై నిమిషాలు. ఒకరోజు ఎర్రవి, ఒకరోజు నీలివి, ఒక్కోరోజు చక్కటి చిలకాకుపచ్చవి వాన నీళ్ళలో కలిసి భూమిలోకి దిగిపోయేవి. చూడ్డానికి బాగుండేది కూడా.

*

కూతురు డిగ్రీ అయ్యాక ఏదో ఏడాది కోర్సులో చేరింది. జీఐఎస్ అంట.

"జీఐఎస్సో గాడిదగుడ్డో, రేపు కూడు పెడుతుందా?" అన్నాను ఒక పొద్దున్న, డబ్బా కట్టించుకుంటూ.

"పర్యావరణ శాఖలో ఉద్యోగాలుంటాయి నాన్నా. నీళ్ళు ఎక్కడ పాడవుతున్నాయి, అడవి ఎక్కడ తగ్గుతోంది, అన్నీ కంప్యూటర్లో పటం వేసి చూపించాలి. రోడ్లన్నీ ఒక పొర. బావులన్నీ ఒక పొర. నేల వాలు ఒక పొర. ఒకదాని మీద ఒకటి పరిస్తే, విడివిడిగా కనపడనిది కలిపితే కనపడుతుంది."

"ఉల్లిపాయ అన్నమాట. ఒలుస్తూ పోతే చివరికి కన్నీళ్ళే."

"పొద్దున్నే పిల్లని దెప్పకపోతే మీకు బండి స్టార్టవదా?" అంది మా ఆవిడ.

పిల్ల నవ్వి, సంచిలోంచి అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తీసింది. కాలేజీలో ఇచ్చారంట. రోజంతా తిరిగే మనిషికి దాన్ని ఇస్తే, ఆ మనిషి పోయిన దారంతా గీత గీస్తుందంట. ఆ గీత తెచ్చి చూపించడమే మొదటి పాఠం.

"మా ఫ్రెండు వాళ్ళ మామయ్య బస్సు డ్రైవరు. ఆయనకి ఇద్దామనుకుంటున్నా."

నా మొగుడుతనం, బాబుతనం ఎప్పుడూ పొడుచుకు రాలేదు గానీ డ్రైవరుతనం పొడుచుకొచ్చింది. "బస్సు వాడా? గానుగెద్దులా పోయిన దారిన పోయి వచ్చిన దారిన వచ్చేవాడికి రోడ్లేం తెలుసే? ఇటు తే."

"నీకెందుకు నాన్నా..."

"తే అంటున్నానా!"

అలా దాని చేతిలోంచి నేనే లాక్కున్నాను. ఈ మాట తర్వాత లాయరుకి చెబితే అతను పెన్ను మూసేసి నా మొహంలోకి చూశాడు.

నేనేం వెర్రివాణ్ణి కాదు. గీత గీస్తుందని తెలిసింది గనక ఆ ఒక్కరోజూ నిజంగానే ప్లాంటుకి వెళ్ళాను. సాయంత్రం దాకా వరసలో నిలబడ్డాను. ఆ రాత్రి పిల్ల ఇంటి ముందు ఆపిన బండి దగ్గరికే కంప్యూటరు తెచ్చి గీత అందులోకి దించుకుని, మర్నాడు తెరిచి చూపించింది. మిల్లు నుంచి ప్లాంటు దాకా, మచ్చలేని నీలం గీత. "బంగారు కొండవి నాన్నా, మేడం నీ గీతే క్లాసులో చూపించారు," అంది. నేను మీసం దువ్వుకున్నాను. రోజు అయిపోయింది గనక దాని పని కూడా అయిపోయిందనుకున్నాను. మళ్ళీ అడిగినప్పుడు ఇద్దాంలే అని స్టీరింగు పక్కన, చార్జింగు వైరుకే వదిలేసి, పైన తుడుపు గుడ్డ కప్పేశాను. మూడేళ్ళు ఊరందరి కళ్ళూ కప్పినవాణ్ణి, నా చేత్తో నేను కప్పినదాన్ని మరిచిపోయాను.

*

పదకొండు చోట్లలో చివరిది మా అక్క నర్సరీ వెనక ఉన్న క్వారీ గుంట.

అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది అక్క. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఊరి చివర ఒక గది, గది ముందు అరుగు, అరుగు పక్కన బావి, చుట్టూ సంచుల్లో మొక్కలు. కంచె దాటితే గుంట. పైపు గుంటలోకి దించి వచ్చి ఆ ఇరవై నిమిషాలూ అక్క అరుగు మీద కూర్చుని డబ్బా తినేవాణ్ణి. ఎవడు చూసినా అక్కని చూసిపోవడానికి వచ్చిన తమ్ముడే కనపడతాడు. పదకొండులో నాకు బాగా నచ్చిన చోటు అదే.

"వేడివేడిగా వండానురా, నాలుగు ముద్దలు తిను," అనేది.

"ఇంటి డబ్బా మిగిలిస్తే ఆవిడ ఊరుకోదక్కా."

"పోనీ నీళ్ళన్నా తాగు."

"సీసా ఉందిగా."

ఆ వానాకాలం అక్క మొక్కలు మాడిపోవడం మొదలుపెట్టాయి. ఆకు అంచులు తుప్పు పట్టినట్టు ఎర్రబారి, లోపలికి ముడుచుకుపోయేవి. కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చి అరుగు మీద విసిరిపోయేవాళ్ళు. అక్క వేళ్ళ సందుల్లో తోలు చీలింది. గోళ్ళు నల్లబడ్డాయి. తిన్నది కడుపులో నిలవట్లేదంది.

"నా చెయ్యి చెడిందిరా తమ్ముడూ. ఎండుపుల్ల గుచ్చితే చిగురేసే చెయ్యి. ఎవరి దిష్టో."

"దిష్టి కాదు, వయసు," అన్నాను డబ్బా మూత పెడుతూ. "మొక్కక్కూడా తెలుస్తుంది, ముసలి చెయ్యేదో పడుచు చెయ్యేదో."

అక్క నవ్వింది. చేతులు కొంగులో దాచుకుంది. నేను గడియారం చూసుకుని లేచాను. వాల్వు కట్టే వేళయింది.

నన్ను తిట్టుకోండి, పరవాలేదు. కానీ నేను జాగ్రత్త లేనివాణ్ణని మాత్రం అనుకోకండి. మూడేళ్ళ కిందట మొదటిసారి ఆ గుంటలో వదిలిన రోజే ఇంటికొచ్చి పెళ్ళానికీ పిల్లకీ చెప్పాను: "అక్క ఇంటికెళితే నీళ్ళు తాగకండి. ఆ బావి ఉప్పు. గొంతు పట్టేస్తుంది." వాళ్ళు తాగలేదు.

*

అత్త మొక్కలు మాడిపోవడం చూశాకే పిల్లకి ప్రాజెక్టు ఆలోచన పుట్టింది. ఊరి చుట్టూ ఉన్న నలభై ఆరు బావుల దగ్గరికి పోయి, సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి కాలేజీలో పరీక్ష చేయించింది. వానలో తడిసి, బురదలో జారి, మోకాళ్ళు చెక్కుకుని ఇంటికొచ్చేది. దాని పంతానికి కారణం ఉంది. బ్యాచి మొత్తం మీద మంచి ప్రాజెక్టు చేసిన ఒక్కరికి పర్యావరణ శాఖలో ఏడాది ట్రైనీ పోస్టు. ఏడాది బాగా చేస్తే ఉద్యోగం ఖాయం. ఆ ఒక్కరు తనే కావాలని.

ఒక సాయంత్రం కంప్యూటరు నా ముందు పెట్టింది. నలభై ఆరు చుక్కలు. ముప్పై అయిదు ఆకుపచ్చవి, పదకొండు ఎర్రవి.

నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన పని లేదు.

"ఏం అర్థం కావట్లేదు నాన్నా. మిల్లు పల్లంలో ఉంది. ఎర్ర చుక్కలేమో పైన, అటొకటి ఇటొకటి. నీళ్ళు ఎగువకి పారవు కదా?"

"పారవు."

"మరి రంగు అక్కడికెలా ఎక్కింది? 'ఎర్ర చుక్కలు ఎవరైనా పెడతారమ్మా, వాటిని కలిపే గీత ఏది?' అంటున్నారు మేడం. గీత దొరక్కపోతే ఇది పటం కాదంట, జాబితా అంట."

"మేడం సరిగ్గానే చెప్పింది. ఆ పోస్టు నీ మొహాన రాసిపెట్టి లేదు. నేను ఏడుతో మానేశాను, నువ్వు ఇంత దూరం వచ్చి మానేస్తావు. రక్తం ఎక్కడికి పోతుంది?"

పిల్ల ఏడుస్తూ లేచిపోయింది. నేను ఆ రోజు రెండుసార్లు వడ్డించుకున్నాను.

అత్తకి మాత్రం అది చెప్పేసింది, బావి నీళ్ళు బాగాలేవు, ముట్టుకోవద్దని. రోజూ స్కూటరు మీద రెండు క్యాన్ల మంచినీళ్ళు తీసుకెళ్ళి దింపి వచ్చేది. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు అక్క ఆ క్యాను ఎత్తి మొక్కల మొదట్లో పోస్తోంది.

"అవి నీకు తాగడానికి తెచ్చిందిగా?"

"నేనేం తాగుతాన్రా, ఇన్నేళ్ళు తాగిన బావి ఉండగా? ఇవి పసివి, వీటికి పోస్తే బతుకుతాయేమోనని. అవునురా, కోడలు పిల్ల నీళ్ళలో విషం ఉందంటోంది. నిజమేనా? పెద్దాఫీసుకి ఒక కాగితం పెట్టమంటావా?"

ఆ కాగితం పెడితే జీపు వస్తుంది. జీపు వస్తే గుంట చూస్తారు.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ?" అన్నాను. "పరీక్షల కోసం అలాంటివి ఏవో రాస్తారు. ఈ నీళ్ళకేం రోగం లేదు. తాగక్కా."

"నువ్వు చెప్పావు కాబట్టి సరే," అంది. అని చెంబు ముంచి, నా ఎదురుగానే తాగింది.

*

ఆదివారం పొద్దున్న పెరట్లో గడ్డం గీసుకుంటున్నాను. పరికరం తిరిగిచ్చెయ్యమని కాలేజీలో అడిగారంట. పిల్ల బండిలోకి ఎక్కి, గుడ్డ కింద నుంచి తీసుకుని, అందులో ఉన్నది తుడిచేసి ఇద్దామని కంప్యూటరుకి తగిలించిందంట. నాకు ఇవేమీ తెలియవు. సబ్బు నురగ మొహంతో లోపలికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద కంప్యూటరు, దాని ముందు పిల్ల. మా ఆవిడ పొయ్యి దగ్గర.

"నాన్నా, ఇది ఒక్కరోజుది కాదు. యాభై మూడు రోజులది."

తెర నిండా నీలం గీతలు, సాలెగూడులా. దాని మీద ఎర్ర చుక్కలు. ఈగలు ఎక్కడ చిక్కాయో గీతలు అక్కడే ముడిపడ్డాయి.

"బండి కదిలితే గీత పడుతుంది. ఆగితే ఎంతసేపు ఆగిందో కూడా పడుతుంది. ఇక్కడ ఇరవై నిమిషాలు. ఇక్కడ ఇరవై. ఇక్కడ పంతొమ్మిది. ఎందుకు ఆగావు నాన్నా?"

"పంచరు."

"పదకొండు చోట్లా పంచరేనా?"

"రోడ్లు అలా తగలడ్డాయి మరి."

"మేడం అడిగిన గీత ఇదే," అంది పిల్ల. గొంతు పెంచలేదు. "నీళ్ళు ఎగువకి పారవు. నువ్వు మోసుకెళ్ళావు."

 బుగ్గ మీద నురగ ఆరి చర్మం లాగుతోంది. అది చివరి చుక్క మీద వేలు పెట్టింది.

"చిన్నప్పుడు అత్త ఇంటికెళితే నీళ్ళు తాగొద్దన్నావా? కాదు, చిన్నప్పుడు కాదు. నేను డిగ్రీలో చేరాక. మూడేళ్ళ కిందట. నాకు చెప్పావు. అమ్మకి చెప్పావు. అత్తకి చెప్పావా?"

దాని వేళ్ళు ఇంకా మీటల మీదే ఉన్నాయి. కంప్యూటరు మూత పట్టుకుని గట్టిగా మూసేశాను. రెండు వేళ్ళు మధ్యలో పడ్డాయి. ఎముక నలిగిన చప్పుడు వినపడింది. అది అరవలేదు. మా ఆవిడ అరిచింది.

"ఏం తిని చదివావే ఇన్నాళ్ళు?" అన్నాను. "ఆ పదకొండు చుక్కలే తిన్నావు. ఈ కంప్యూటరు ఒక చుక్క. నీ స్కూటరు ఒక చుక్క. కక్కు, కక్కగలిగితే!"

పిల్ల చెయ్యి చంకలో నొక్కిపెట్టుకుంది. తర్వాత, కూరగాయల బేరం మాట్లాడినట్టు మాట్లాడింది.

"గీత తుడవను నాన్నా. అది లేకపోతే నా పటం లేదు. కానీ బండి ఎవరిదో చెప్పను. మేడం అడిగినా, ఆఫీసులో అడిగినా చెప్పను. గీత ఉంటుంది, పేరు ఉండదు. దానికి బదులు ఒక్కటి చెయ్యి. అత్త దగ్గరికి వెళ్ళి నీ నోటితో నువ్వు చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు. నువ్వు చెబితేనే ఆ బావి మానేస్తుంది. అంతే."

ఇంత చవగ్గా ఎవరికి దొరుకుతుంది? ఒక్క మాట. మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ అన్నాను:

"చెప్పాను. ఏడ్చింది. ఇక తాగదులే."

పిల్ల నా కళ్ళలోకి చూసింది. కట్టు కట్టిన వేళ్ళతో నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది. నమ్మింది. నమ్మడం ఒక్కటే దానికి వాళ్ళమ్మ పోలిక. వాళ్ళమ్మ మాత్రం ఆపాటికే నమ్మడం మానేసింది. మరుసటి రోజు నుంచి నా డబ్బా కట్టేది గానీ సీసా నింపేది కాదు.

నేను ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళిన మాట నిజమే. వాల్వు తిప్పి, డబ్బా తిని వచ్చాను.

*

గొడుగుకి చూచాయగా ఒక మాట చెవిలో వేద్దామని వెళ్ళాను. "రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే సార్..."

"అడిగితే ఏంటి?" అని అల్మారా తెరిచాడు. మూడేళ్ళ చీటీలు, నెలవారీగా దారాలతో కట్టి ఉన్నాయి. "ప్రతిదాని మీదా 'ప్లాంటులో వదిలాను' అని నీ చేతిరాత. నీ సంతకం. మిల్లు నిన్ను నమ్మింది డ్రైవరూ. నువ్వే మిల్లుని మోసం చేస్తే మేమేం చేస్తాం? ఏడో తరగతి అన్నావు గానీ, దస్తూరి ముత్యాలే."

ఆ ముత్యాలే తర్వాత కోర్టులో నా మెడకి హారం అయ్యాయి. ఏడు నెలలు లోపలున్నాను. లైసెన్సు పోయింది. ఇప్పుడు ఒక గోడౌను గేటు దగ్గర కూర్చుని, వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాస్తున్నాను. మిల్లు గేటుకి కొత్త రంగు వేశారు. గొడుగు దాని కిందే ఉన్నాడు, పొడిగా.

వానలు తెరిపి ఇస్తుండగా పిల్లకి పోస్టు వచ్చింది. బ్యాచి మొత్తం మీద ఒక్కరు, అది మా పిల్ల. పటంలో 'గుర్తు తెలియని వాహనం' అని రాసిందంట. నేను మిల్లు దగ్గర డ్రైవర్లందరికీ టీ పోయించాను. దానికో రెయిన్‌కోటు కొన్నాను. కడుపున పుట్టింది కడుపు మీద కొడుతుందా అని నాలో నేనే నవ్వుకున్నాను. రెయిన్‌కోటు అది తొడుక్కోలేదు. గోడకి తగిలించింది.

వారం తిరక్కుండానే తెలిసింది, శాఖవాళ్ళు పదకొండు చోట్లకీ స్వయంగా వెళ్ళి చూస్తారని. పది చోట్ల బండి ఆగడం చూసిన మనుషుల్లేరు. పదకొండో చోట మా అక్క ఉంది.

ముందే వెళ్ళాను. ఆ రోజు వాన లేదు, నీరెండ కాస్తోంది. అక్క అరుగు మీద కూర్చుని మాడిన మొక్కల సంచులు చింపి మట్టి కుప్ప పోస్తోంది.

"అక్కా, ఎవరైనా వచ్చి ట్యాంకరు ఆగుతుందా అని అడిగితే లేదను."

"ఎందుకురా?"

"డ్యూటీ టైములో తిండికి బండి ఆపకూడదని కొత్త రూలు. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"అయ్యో, తిండికి కూడానా!" అంది. ఇంకేదో చెప్పబోతుంటే జీపు వచ్చింది.

ముందు సీట్లోంచి అధికారి దిగాడు, నెరిసిన గడ్డం, చేతిలో అట్ట, దానికి గుచ్చిన కాగితాలు. వెనక నుంచి నా కూతురు దిగింది. నన్ను చూసింది. చూడనట్టే కంచె దాటి, గుంట దగ్గర ఫొటోలు తీసుకుని, బావి దగ్గరికొచ్చి నిలబడింది. మాట ప్రకారమే నడుచుకుంటోంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఇక్కడ ట్యాంకరేదైనా ఆగుతుందామ్మా?" అన్నాడు అధికారి.

"లేదు బాబూ," అంది అక్క. అని, ఒక్క క్షణం కూడా మోయలేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడిన మనిషి కాదు. "ఆగుతుంది బాబూ. కానీ తప్పు వీడిది కాదు, నాది. వీడు నా తమ్ముడు. ఇదుగో, ఈ పిల్లకి నాన్న! ఏమే కోడలా, చెప్పవేం?"

అధికారి పిల్ల వంక చూశాడు. పిల్ల బావి గట్టు వంక చూస్తోంది.

"తిండి తినడానికే ఆగేవాడు బాబూ. ఇరవై నిమిషాలు, అంతకి ఒక్క నిమిషం ఎక్కువ ఉండడు, గడియారం చూసుకుని మరీ లేస్తాడు. వానల్లో వారానికి మూడు నాలుగు సార్లు. అంత మాత్రానికి ఉద్యోగం తీసేస్తారా?"

"మీ ఇంట్లో తింటాడా?"

"నా మెతుకు ముట్టడు బాబూ. ఒంటరి మనిషిని, నన్నెందుకు కష్టపెట్టడమని. డబ్బా తెచ్చుకుంటాడు, సీసా తెచ్చుకుంటాడు. చేతులు కూడా ఆ సీసా నీళ్ళతోనే కడుక్కుంటాడు. అంతకుముందు ఇలా కాదు. వస్తూనే కుండ ఎత్తి గటగటా తాగేసేవాడు. ఈ మూడేళ్ళ నుంచే..."

'మూడేళ్ళ నుంచే' దగ్గర ఆగింది.

 అధికారి పెన్ను కాగితం మీద నిలబడిపోయింది. అక్క తన చేతులు ముందుకి చాపుకుని, ఆ నల్ల గోళ్ళ వంక చూసుకుంది. తర్వాత మాడిన మొక్కల వంక. తర్వాత కంచె వైపు. చివరికి నా పక్కనున్న సీసా వంక.

లేచి లోపలికి వెళ్ళింది. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి అరుగు మీద, నా మోకాలి పక్కన పెట్టింది.

"ఎండన పడి వచ్చావు. తాగు తమ్ముడూ."

నీళ్ళు తేటగా ఉన్నాయి. ఏ పాపమూ ఎరగనట్టు ఉన్నాయి. ఒక్క గుటక వేసి ఉంటే ఆ రోజు ఎలా తిరిగేదో నాకు తెలియదు. చెయ్యి చాపాను. గ్లాసు దాకా వెళ్ళింది. వేళ్ళు దాన్ని తాకాయి కూడా. అక్కడ ఆగిపోయాయి, గోడపటం ముందు నిలబడ్డ పిల్లాడి వేలిలా.

అధికారి అది రాసుకున్నాడు.

అక్క వంగి గ్లాసు తనే తీసుకుంది.

"అత్తా, వద్దు!" అంటూ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "నాన్న చెప్పాడుగా నీకు? తాగొద్దని నాన్న చెప్పలేదా?"

"ఏం కాదే కోడలా," అంది అక్క, నా మొహం మీంచి చూపు తిప్పకుండా. "ఈ నీళ్ళకేం రోగం లేదని, తాగమని, మీ నాన్నే చెప్పాడు."

అని అడుగంటా తాగి, గ్లాసు బోర్లించింది.

 నా కూతురు ఫొటోలు తీసిన ఫోను జేబులో పెట్టుకుని అధికారి దగ్గరికి నడిచింది.

"సార్, బండి నంబరు చెబుతాను, రాసుకోండి."

నా పుట్టినరోజు ఎప్పుడో దానికి ఏనాడూ గుర్తుండదు. ఆ నంబరు మాత్రం ఒక్క అంకె తడబడకుండా చెప్పింది.